కూజా మీది బంగారు గీత

కాలువ కట్టేసిన వారానికే మా కాలేజీ వాళ్లు కెమిస్ట్రీ ల్యాబు ఎత్తేశారు. కాలువంటే ఏటా ఎండాకాలంలో కట్టేస్తారు, జూన్‌లో మళ్లీ నీళ్లొదులుతారు. ల్యాబు సంగతి అలా కాదు. "పిల్లలు ప్రాక్టికల్సు ఎక్కడ చేస్తున్నారమ్మా, రికార్డు రాసేస్తే సరిపోతోంది కదా" అన్నారు ప్రిన్సిపాలు గారు. కొత్తపేటలోని ఆ ప్రైవేటు కాలేజీలో పదకొండేళ్లు ల్యాబు అసిస్టెంటుగా చేశాను. ఒక్క బీకరు పగలగొట్టి ఎరగను. ఆ మాట ఆయనకు చెప్పాలనిపించింది గానీ, చెప్పి మాత్రం ఏం లాభం?

ల్యాబు సామాను అమ్మేసే రోజున రాజమండ్రి నుంచి సత్యదుర్గారావు గారని ఒకాయన వచ్చారు. పాత గాజు సామాను కొని, అమ్మే మనిషి. దీపాలు, గ్లోబులు, పూలకూజాలు, ఏదైనా సరే గాజుదైతే చాలు. బీరువా వెనకాల పడున్న మూడు జాడీలు తీసి ఆయన ముందు పెట్టాను.

"ఇవి అచ్చులో పోసినవి కావండి, నోటితో ఊది చేసినవి. పక్కల్న అతుకు గీత లేదు చూడండి. అడుగున, చేసేటప్పుడు పట్టుకున్న ఇనపకడ్డీ విరిచిన మచ్చ ఉంది" అన్నాను.

ఆయన జాడీ తిరగేసి చూసి, తర్వాత నన్ను చూశారు. "మీకిదెవరు చెప్పేరండి?"

"ఎవరూ చెప్పలేదండి. పదకొండేళ్లు కడిగేను."

"ఆయ్" అన్నారు. "నా దగ్గర ఓ పాత బంగళా సామాను ఉందండి. అరవై నాలుగు పీసులు. సగానికి పైగా బంగారప్పని ఉన్నవే. కడిగే మనిషి లేక రెండేళ్ల నుంచి పెట్టెల్లోనే ఉన్నాయి. ఎవరి చేతిలో పడితే వాళ్ల చేతిలో పెట్టలేనండి."

"మా ఇంట్లో అలాంటిదొకటి ఉంది. శుభ్రం చేసి చూపిస్తాను. నచ్చితే ఆ పని నాకివ్వండి" అన్నాను. అలా అడగడం నాకే ఆశ్చర్యం వేసింది. వచ్చే గురువారం వస్తానన్నారాయన.

ఆ పని నాకు కావాలి. ఇంకో కాలేజీలో ఆఫీసు గుమాస్తాగానో, బట్టల కొట్లో కౌంటరు దగ్గరో నిలబడలేక కాదు. నా చేతికి గాజు తెలుసు. తెలిసిన చేతిని ముప్పై ఆరో ఏట ఒళ్లో పెట్టుకుని కూచోమంటే నావల్ల కాదు.

మా కూజా జానెడున్నర ఎత్తు ఉంటుంది. లేత నిమ్మపచ్చ రంగు. మెడ చుట్టూ, పొట్ట చుట్టూ నల్లటి చారలు. మామగారి తాతగారికి ఏదో వేదసభలో శాలువాతోపాటు జతగా ఇచ్చారట. మామగారూ, వారి తమ్ముడు గారూ పంపకాలు చేసుకున్నప్పుడు ఒకరికెక్కువ, ఒకరికి తక్కువ కాకూడదని జత విడగొట్టి చెరొకటీ తీసుకున్నారు. రెండోది కాలువ అవతల చిన్నత్తయ్య పార్వతి గారింట్లో ఉంది. అన్నదమ్ములిద్దరూ పోయారు. తోడికోడళ్లిద్దరికీ పదేళ్లుగా మాటల్లేవు. "ఆ ఇంట్లో మంచినీళ్లు తాగాలన్నా భయమే, గ్లాసు ఎప్పుడు తోమిందో ఏమో" అని మా అత్తగారు ఎవరితోనో అన్నారు. ఆ ఎవరో ఆ మాటను క్షేమంగా కాలువ దాటించారు.

మా అత్తగారు అచ్చయమ్మ గారికి శుభ్రమంటే ప్రాణం. ఇంట్లో ఆవిడ తోమని వస్తువేదైనా ఉందంటే అవి గోడలూ, అటక మీద పడున్న ఈ కూజానూ.

కిరాణా కొట్టు వాళ్ల దగ్గర దొంగనోట్లు చూసే నీలం లైటు ఉంటుంది. అది అడిగి తెచ్చి, గదిలో తలుపులేసి కూజా మీద వేసి చూశాను. కూజా అంతా పచ్చగా వెలిగింది. అలా వెలిగిందంటే గాజులో యురేనియం కలిపారన్న మాట. పాతరోజుల్లో యూరప్‌లో ఆ రంగు కోసం కలిపేవారు. అడుగు అంచున గీతలు చూశాను. నూరేళ్లు బల్లల మీద జరిగిన వస్తువుకి గీతలు అడ్డదిడ్డంగా పడతాయి. కావాలని పాతదానిలా చేసినదానికి అన్నీ ఒకే వైపు ఉంటాయి. ఇవి అడ్డదిడ్డంగానే ఉన్నాయి. నల్లచారను ఒకచోట తడి దూదితో అద్ది చూస్తే కింద పసుప్పచ్చగా మెరిసింది.

"బంగారం!" అన్నాను మా ఆయన వంశీధర్‌తో. ఆయన రాజోలు హైస్కూల్లో సంస్కృతం చెబుతారు. "అమ్మకి చెప్పేవా?" అన్నారు.

చెప్పలేదు. రాజమండ్రి ఆయన కూజా చూడ్డానికొస్తారన్నాను గానీ, బంగారమని చెబితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుందని ఆ మాట చెప్పలేదు. అందులో నా తప్పు లేదనను.

శనివారం కొత్తపేట వెళ్లి, బ్యాటరీల కొట్లో డిస్టిల్డు వాటరు, మందుల షాపులో దూది కొనుక్కుని మధ్యాహ్నానికి ఇంటికొచ్చాను. పెరట్లో చింతపండు వాసన వేస్తోంది. నూతి చపటా మీద ఇత్తడి చెంబులు, హారతి పళ్లెం బోర్లించి ఉన్నాయి. వాటి పక్కన మా కూజా కూడా బోర్లించి ఉంది. ఎండలో తళతళ్లాడుతోంది.

"చూసేవుటే!" అన్నారు అత్తగారు, చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ. "రాజమండ్రి నుంచి వచ్చే మనిషి ముందు మట్టికొట్టుకున్నది పెడతామా? ఆ నల్లచారలున్నాయి చూడూ, ఓ పట్టాన వదిలితేనా! చింతపండుకి లొంగలేదు. ఇటుకపొడి వేసి, కొబ్బరిపీచుతో గంటసేపు తోమేను."

కొబ్బరిపీచు అక్కడే పడుంది. తీసి చూశాను. ఎర్రటి పొడిలో రెండు మూడు చోట్ల పసుప్పచ్చగా మెరుస్తోంది.

"అత్తయ్యగారూ, అది బంగారమండీ."

"ఏది?"

"ఆ చారలు. మసి పట్టిన బంగారపు గీతలండీ అవి."

ఆవిడ నవ్వారు. తన చేతికున్న జత బంగారు గాజులు ముందుకు చాపారు. "బంగారం తోమితే పోతుందిటే? నలభై ఏళ్లనించి ఈ చేతుల్తోనే తోముతున్నాను. ఇవి అరిగేయా?"

నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. గాజు మీద పూసే బంగారం వెంట్రుకలో పదో వంతు కూడా ఉండదని ఆ క్షణాన ఆవిడకేం చెప్పను? కూజా తీసుకుని లోపలికి వెళ్లిపోయాను.

గురువారం సత్యదుర్గారావు గారు చెప్పిన వేళకే వచ్చారు. కూజాను కిటికీ దగ్గరకి తీసుకెళ్లి భూతద్దంతో చూశారు. లైటు వేసి చూసి తలూపారు. బొటనవేలితో మెడ చుట్టూ నెమ్మదిగా తడిమారు.

"యూరప్‌లోని బొహీమియా సరుకేనండి. నూటపాతికేళ్ల పైమాటే. జతలో ఒకటయ్యుంటుంది" అన్నారు. "ఇక్కడ బంగారం ఉండేదండి. గీతలు పోయేయి గానీ వాటి మచ్చ ఉంది. ఇది పాత అరుగుదల కాదు, ఈ వారంలోదే. ఎవరండి దీన్ని కడిగింది?"

వంటింటి గుమ్మంలో అత్తగారు నిలబడి ఉన్నారు. ఆయన గట్టిగానే అడిగారు. ఆవిడకు వినపడే ఉంటుంది. నేను కొద్దిసేపు ఆగాను. గుమ్మంలోంచి మాట రాలేదు. మా ఆయన కిటికీలోంచి ఏదో చూస్తున్నారు.

"నేనేనండి" అన్నాను.

ఆయన కూజాను బల్ల మీద పెట్టి, చేతిసంచీ భుజానికి తగిలించుకున్నారు. "ఏమీ అనుకోకండమ్మా. బంగారంతో ఉంటే ఒక్కటే నలభై వేలు పలికేది. ఇప్పుడు ఆరు కూడా కష్టమండి. నా దగ్గరున్న అరవై నాలుగులో సగానికి పైగా ఇలాంటివే. మీరు గాజు తెలిసిన మనిషే గానీ..." అని ఆపేశారు. మజ్జిగ ఇస్తే తాగి వెళ్లిపోయారు.

అత్తగారు ఆ సాయంత్రం అన్నం తినలేదు, తలనొప్పన్నారు. నేను శుభ్రంగా తిన్నాను. కోపమొస్తే నాకు ఆకలేస్తుంది.

మర్నాడు పొద్దున్నే ఆయనకు ఫోన్ చేశాను. "జతలో రెండోది దొరుకుతుందండి. నలభై రోజులు గడువివ్వండి. వచ్చి నా పని చూడండి."

"చూడ్డానికొస్తానండి. మాట మాత్రం ఇవ్వలేను."

"మాట నేనడగలేదండి" అన్నాను.

వంటింట్లో కూర తరుగుతున్న అత్తగారు తలెత్తారు. "ఆ ఇంటి గడప తొక్కుతావా?"

"తొక్కుతానండి."

"నేనొద్దంటే?"

"అయినా తొక్కుతానండి" అన్నాను. పన్నెండేళ్ల కాపురంలో ఆవిడ మాటకి ఎదురాడటం అదే మొదలు. ఆవిడ వంకాయ ముక్కలు నీళ్లలో వేస్తూ ఉండిపోయారు.

వంతెన చుట్టూ తిరిగితే మైలు దూరం. కాలువ కట్టేసి ఉంది కాబట్టి ఎండిన అడుగులోంచి అడ్డంగా నడిచిపోతే అయిదు నిమిషాలు. మధ్యాహ్నం రెండింటికి బురద పెళ్లల మీంచి నడిచి అవతలి గట్టెక్కాను. చిన్నత్తయ్య వసారాలో మంచం మీద పడుకుని విసనకర్రతో విసురుకుంటున్నారు.

"నాగశ్రీ! మీ అత్తగారికి చెప్పే వచ్చేవా, గోడ దూకి వచ్చేవా?"

"చెప్పే వచ్చేనండి."

"అయితే గోడ దూకినట్టే" అని లేచి కూచున్నారు.

కూజా వసారా మూల ఉంది. దాంట్లో గొడుగు, రెండు విసనకర్రలు, కర్టెన్ రాడ్డు ముక్క ఉన్నాయి. "జాగ్రత్తగా తియ్యవే, అడుగున మీ చిన్నమామగారి నాటి కరెంటు బిల్లులు కూడా ఉంటాయి" అన్నారావిడ. ఉన్నాయి. ఒక చచ్చిన తేలు కూడా ఉంది. కూజా రంగు పచ్చో నలుపో చెప్పలేం. వంటింటి పొగ, దీపాల నూనె, దుమ్ము పొరలు పొరలుగా పేరుకున్నాయి. దాన్ని చూస్తే నాకు పండగలా ఉంది.

విషయమంతా చెప్పాను. ఎవరు తోమారో మాత్రం చెప్పలేదు. ఆవిడ అడగనూ లేదు.

"చేసుకో. కానీ ఇల్లు దాటనివ్వను. ఓసారి విడగొట్టి పంచుకుపోయిన బాపతు కదా మీరు. ఇక్కడే కూచుని చెయ్యి" అన్నారు.

ల్యాబులో అయితే పని మొదలెట్టే ముందు ఉంగరం, గాజులు తీసి పక్కన పెట్టేదాన్ని. ఇక్కడ తియ్యబోతే చిన్నత్తయ్య ఊరుకోలేదు. "ముత్తయిదువ్వి, బోసి చేతుల్తో నా గుమ్మంలో కూచుంటావా? నలుగురూ చూస్తే ఏమంటారు?" అని పాత పంచె పీలిక చింపి, గాజులన్నీ మోచేతి దాకా పైకి తోసి గట్టిగా కట్టేశారు. అది నిజంగా మంచి పద్ధతి. ఇప్పటికీ అలాగే కట్టుకుంటాను.

ప్లాస్టిక్ బేసిన్‌లో తుండుగుడ్డ మడతపెట్టి పరిచి, దానిమీద కూజా పడుకోబెట్టి పని మొదలెట్టాను. కూజాను నీళ్లలో ముంచకూడదు. కొబ్బరి ఈనె చివర దూది చుట్టి, డిస్టిల్డు వాటర్లో ఒక్క చుక్క సబ్బు కలిపి, దాంతో తడిపి మురికి మీద దొర్లించాలి. రుద్దకూడదు. దూది నల్లబడగానే పారేసి కొత్తది చుట్టుకోవాలి. ఒక పూటకి బొటనవేలంత మేర అయితే గొప్ప. లోపల పట్టిన సున్నపు చారకి మాత్రం కాస్త వెనిగరు వాడాను, బయటి అంచు తాకకుండా. ఉక్కకి చెమటలు కారేవి. చెమట చుక్క పడకుండా నుదుటికో గుడ్డ కట్టుకున్నాను.

"నీ వాలకం చూస్తే గాజు తోమేదానిలా లేవే, పురుడు పోసేదానిలా ఉన్నావు" అనేవారు చిన్నత్తయ్య.

ఇంట్లో అత్తగారు నాతో అవసరానికి మించి మాట్లాడటం మానేశారు. ఓ సాయంత్రం నేను చేతికి ఆ పంచె పీలికతోనే వచ్చేసరికి తోమిన కూజాను ఒళ్లో పెట్టుకుని కూచున్నారు. గాజులున్న చేతిని దాని మెడ పక్కన ఆనించి చూస్తున్నారు. నన్ను చూసి కూజా కింద పెట్టేశారు.

"ఒరేయ్ వంశీ, వినాయకుడి బొమ్మలకి వేస్తారే, ఆ బంగారు రంగు ఎక్కడ దొరుకుతుందిరా?" అని మా ఆయన్ని అడిగారు.

"వెయ్యకూడదండి" అన్నాను నేనే. "వేస్తే అబద్ధమవుతుంది."

గొంతు కాస్త గట్టిగానే లేచింది. ఆవిడ నావైపు చూసి, లేచి లోపలికి వెళ్లిపోయారు. అబద్ధం అన్న మాట నేను కావాలనే అన్నాను. తగలాలనే అన్నాను. రాత్రి తల్చుకుంటే నామీద నాకే చిరాకేసింది. మర్నాడు రెండింటికి మాత్రం మళ్లీ కాలువ దాటాను.

పదహారో రోజున మెడ చుట్టూ మొదటి గీత బయటపడింది. సన్నగా, కొత్త తాళిబొట్టులా మెరుస్తోంది. ఇరవై తొమ్మిదో రోజున అడుగున బంగారు సిరాతో రాసిన చిన్న అంకె కనిపించింది, 418 అని. గీతలు దిద్దిన పనివాడు రాసుకునే గుర్తది.

చిన్నత్తయ్య కళ్లజోడు సవరించుకుని వంగి చూశారు. "ఇన్నాళ్లూ దీంట్లోనా నేను గొడుగు పెట్టింది!"

"మీరు ఎప్పుడూ తోమలేదు కాబట్టే మిగిలిందండి."

ఆవిడ పగలబడి నవ్వారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "ఈ మాట ఒక్కసారి అక్కయ్యగారి ముందు అనవే. నా జన్మ ధన్యమవుతుంది" అన్నారు. అన్నాక ఎందుకో ఆవిడ మొహం మారింది. "వద్దులే, అనకు" అన్నారు.

జూన్ మొదట్లో కాలువకి నీళ్లొదిలారు. నేను వంతెన చుట్టూ తిరిగి వెళ్లాల్సొచ్చింది. నలభయ్యో రోజున సత్యదుర్గారావు గారు వచ్చారు. చిన్నత్తయ్య వసారాలో బల్ల మీద తెల్లటి తుండు పరిచి కూజా పెట్టాను.

ఆయన భూతద్దంతో ప్రతి గీతనీ చూశారు. లోపల వేలుపెట్టి చూశారు. అడుగున అంకె చూసి తలూపారు.

"ఇది మీరొక్కరే చేసేరాండి?"

"ఆవిడొక్కర్తే. నేను సాక్షిని" అన్నారు చిన్నత్తయ్య.

"నలభై అన్నాను, యాభై అయినా పలుకుతుందండి. జత మొత్తం బంగారంతో ఉంటే లక్షన్నర దాటేది." ఆయన భూతద్దం జేబులో పెట్టుకున్నారు. "పని గొప్పగా ఉందమ్మా. అబద్ధం చెప్పను. కానీ నాకో సందేహం ఉండిపోయిందండి. ఇంత ఓపిక తెలిసిన మనిషి ఇంట్లో దాన్ని అలా ఎలా చేసేరు? ఓ రోజు ఓపిక పోతే మళ్లీ అలా చేస్తారేమో కదా? అరవై నాలుగండి, తెచ్చి మీ ఇంట్లో పెట్టాలి."

ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. నిజం నా నోటిదాకా వచ్చింది. నలభై రోజుల నుంచి అక్కడే ఉంది. చెప్పేస్తే అయిపోతుంది. చిన్నత్తయ్య నావైపే చూస్తున్నారు. ఆవిడకు మొదటి రోజే అర్థమైందని నాకప్పుడు తెలిసింది.

వీధి గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. అత్తగారు నిలబడి ఉన్నారు. మైలు దూరం ఎండలో నడిచి వచ్చారు. డెబ్భై రెండేళ్ల మనిషి. మొహం ఎర్రగా కందిపోయింది. తుండుగుడ్డలో చుట్టిన మా కూజాను పసిబిడ్డను పట్టుకున్నట్టు పొట్టకి ఆనించుకుని పట్టుకున్నారు. పదేళ్లుగా తొక్కని గడప దాటి లోపలికి వచ్చి, దాన్ని రెండో కూజా పక్కన పెట్టారు. రెండింటినీ అలా పక్కపక్కన నేనెప్పుడూ చూడలేదు. ఒకటి గీతలతో ఉంది, ఒకటి బోసిగా ఉంది.

ఆవిడ బోసిగా ఉన్నదాన్ని చూశారు, తర్వాత సత్యదుర్గారావు గారిని చూశారు.

"ఇది తోమింది నేనండీ" అన్నారు. "చింతపండు, ఇటుకపొడి పెట్టి. మా కోడలు ఆ వేళ ఊళ్లో లేదు, దూది కోసమని కొత్తపేట వెళ్లింది. ఉంటే నా చెయ్యి పట్టుకు లాగేసేది. మీరడిగిన రోజున నేను గుమ్మంలోనే ఉన్నానండీ."

సత్యదుర్గారావు గారు నావైపు చూశారు. నేను తల దించుకున్నాను.

"ఆయ్" అన్నారాయన, చాలా నెమ్మదిగా. "పెట్టెలు సోమవారం పంపిస్తానమ్మా. ఒకేసారి కాదు, ఎనిమిదేసి చొప్పున."

అత్తగారు మంచం కోడు పట్టుకుని కూచున్నారు. కొంగుతో మెడ తుడుచుకున్నారు.

"పార్వతీ, కాసిని మంచినీళ్లియ్యవే" అన్నారు.

చిన్నత్తయ్య లేచి లోపలికి వెళ్లారు. వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు, గ్లాసు కడుగుతున్న చప్పుడు వినిపించాయి. చాలాసేపు కడిగారు. తెచ్చి ఇచ్చిన గ్లాసును అత్తగారు ఎత్తి చూడలేదు, అంచు తుడవలేదు. గటగటా తాగేసి, ఖాళీ గ్లాసు చాపి "ఇంకో గ్లాసు" అన్నారు.

కూజాలు రెండూ ఆ వసారాలోనే ఉండిపోయాయి. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరం గట్టు వెంబడి నడిచాం. కాలువ నిండుగా, ఎర్రగా పోతోంది. కొంత దూరం వచ్చాక అత్తగారు ఆగారు.

"ఆ రోజు నీ మీదెందుకేసుకున్నావే? నేనని చెప్పెయ్యచ్చుగా."

"బయటి మనిషి ముందు మిమ్మల్ని ఎలా అంటానండీ?" అన్నాను. అది సగమే నిజం. నలభై రోజులు మోసిన మిగతా సగం కూడా చెప్పేశాను. "మీరే చెబుతారేమోనని చూశానండీ."

ఆవిడ కాలువలోకి చూస్తూ నిలబడ్డారు. తర్వాత కొంగు నడుముకి దోపుకుని ముందుకు నడిచారు.

"సోమవారం పెట్టెలొచ్చేసరికి ఆ పంచె పీలిక ఇంకోటి చింపి ఉంచు" అన్నారు, వెనక్కి తిరగకుండానే. "నా గాజులు కూడా కట్టాలిగా."